మోకాలి లోహం పక్కన ఎముకను చూసే చదువు

ప్రశ్న: మాది కనిగిరి ప్రాంతం. ఏడేళ్ల కిందట మోకీలు మార్పిడి చేయించుకున్న మా అమ్మకు మళ్లీ నొప్పి మొదలవడంతో ఒంగోలులో ఎక్స్‌రే, సీటీ తీయించాం. వెంట వచ్చిన మా అమ్మాయి (ఇంటర్ బైపీసీ) అప్పటినుంచీ ఇమేజింగ్ కోర్సే చదువుతానంటోంది. ఎంబీబీఎస్ సీటుకు ర్యాంకు చాలదు. ఈ చదువు మంచిదేనా? రేడియేషన్‌తో ప్రమాదం లేదా?

జవాబు: ఫొటో తీయడంలో ఏముంది, మీట నొక్కడమేగా అని చాలామంది తల్లిదండ్రులు నాతో అన్నారు. మీ అమ్మగారి మోకాలే దానికి సమాధానం. అమర్చిన కీలు వదులవుతున్నప్పుడు ఎముకకూ, కీలును దానికి అతికించిన సిమెంటుకూ మధ్య సన్నని నల్లగీత కనిపిస్తుంది. అది రెండు మిల్లీమీటర్లు దాటి, తీసిన ప్రతిసారీ పెరుగుతూ పోతే డాక్టర్లు అనుమానపడతారు. అయితే ఎక్స్‌రే కిరణం, అమర్చిన కీలులో కిందిభాగమైన లోహపు పళ్లేనికి సమాంతరంగా పడకుండా నాలుగైదు డిగ్రీలు వాలినా ఆ గీత లోహపు నీడలో దాగిపోతుంది. కాలిని సరిగ్గా నిలబెట్టి, ఏటా అదే కోణంలో తీయగలగడమే టెక్నాలజిస్టు పనితనం. సీటీలోనైతే లోహం కిరణాలను మింగేయడం వల్ల చారలు పడి పక్కనున్న ఎముక మసకబారుతుంది. వోల్టేజి పెంచాలా, చారలు తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడాలా అన్నది తెలియాలంటే భౌతికశాస్త్రం రావాలి. బైపీసీ పిల్లలు తేలిగ్గా తీసుకునేది సరిగ్గా ఆ సబ్జెక్టునే.

ఎముక సాంద్రతను కొలిచే డెక్సా యంత్రం లోహాన్ని లెక్కనుంచి తీసేసి, దాని చుట్టూ ఉన్న ఎముకను చూడగలదు. బరువంతా లోహమే మోస్తే, పని తగ్గిన ఎముక పలచబడుతుంది కనుక ఆ కొలత పనికొస్తుంది. మీ ప్రాంతంలో ఇక్కడొక మెలిక ఉంది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను (తాగేనీటిలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరే జబ్బు) 1937లో వైద్యులు తొలిసారి వివరించింది నాటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఫ్లోరైడు చేరిన ఎముక సాంద్రంగా కనబడుతూనే పెళుసుగా ఉండవచ్చు. అందువల్ల రోగి ఏ ఊరి నీళ్లు తాగాడో అడిగి రాసుకునే టెక్నాలజిస్టు డాక్టరుకు నిజంగా సాయపడతాడు.

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కాలేజీల్లో బీఎస్సీ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ గురించి విచారించండి. పారామెడికల్ బోర్డు డిప్లొమా కూడా ఉంది గానీ, పైచదువు ఆలోచన ఉంటే డిగ్రీయే మేలు. ఫీజు కట్టేముందు కాలేజీకి సొంత ఆస్పత్రి, అందులో సీటీ, ఎమ్మారై ఉన్నాయో లేదో స్వయంగా చూసి రండి. గోడమీద పటాలు చూపించి సరిపెట్టే చోట చేర్చకండి. ఒక్క మాట ముందే చెప్పాలి: రిపోర్టు రాసేది ఎండీ చదివిన రేడియాలజిస్టే, టెక్నాలజిస్టు కాదు. ఆ తేడా ఇప్పుడే అర్థం కాకపోతే తరువాత అసంతృప్తి మిగులుతుంది. మొదటి రెండు మూడేళ్ల జీతం కూడా గొప్పగా ఉండదు.

రేడియేషన్ సంగతికి వస్తే, అణుశక్తి నియంత్రణ మండలి ఈ ఉద్యోగులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకే రేడియేషన్ కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదని పరిమితి పెట్టింది. ఛాతీకి తగిలించుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఆ లెక్క చెబుతుంది. గోడ చాటునుంచి పనిచేసేవారికి పడేది సాధారణంగా అందులో కొద్ది భాగమే. ఎమ్మారైలో ఎక్స్‌కిరణాలే ఉండవు.

ఇంకొకటి, ఆపరేషన్ అయిన వెంటనే తీసిన మీ అమ్మగారి తొలి ఎక్స్‌రేను వెతికించి, తాజా దానితోపాటు డాక్టరుకు చూపించండి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆయన ఏం పోలుస్తున్నారో మీ అమ్మాయిని దగ్గరుండి చూడనివ్వండి.