అంబుడ్స్ ఆఫీసుకు వెళ్లు తల్లీ, ఫిర్యాదు గడువు మాత్రం మరవకు

ప్రశ్న: మాది తిరుపతి. అమెరికాలో ఎం.ఎస్. రెండో సెమిస్టరు చదువుతున్నాను. టీచింగ్ అసిస్టెంటుగా చేస్తుంటే మధ్యలో తీసేశారు. దాంతో ఫీజు మినహాయింపు పోయి, ఫీజు మొత్తం కట్టమని బిల్లు వచ్చింది. ఇల్లు తాకట్టు పెడతానని నాన్న అంటున్నారు. యూనివర్సిటీలో ఎవరి పక్షమూ వహించకుండా మన ఇబ్బందులు విని దారి చూపే అంబుడ్స్ ఆఫీసు ఉందట. అక్కడికి వెళితే ప్రొఫెసర్‌కు తెలిసిపోతుందా?

జవాబు: సెలవులకు వచ్చి తిరుపతిలో మా అక్కయ్య ఇంట్లో ఉన్నాను. నీ ఉత్తరం చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి బిల్లే 2003లో నాకూ వచ్చింది తల్లీ. 4,200 డాలర్లు. అప్పట్లో డాలరు 46 రూపాయల పైమాటే. చిత్తూరులో గుమాస్తాగిరీ చేసే మా నాన్నకు దాదాపు రెండు లక్షలంటే ఏమిటో మీ ఇంట్లో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నేను చేసిన మొదటి తప్పు, ప్రొఫెసర్ మీద ఉన్న కోపమంతా నాలుగు పేజీల ఈమెయిలుగా అంబుడ్స్ ఆఫీసుకు పంపడం. అక్కడి అంబుడ్స్ ఒక మహిళ. ఆవిడ దానికి జవాబు రాయలేదు. ఫోను చేసి, వివరాలు ముఖాముఖి మాట్లాడుకుందాం, ఈమెయిలులో వద్దు అన్నారు. ఈమెయిలు ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది కదా. నువ్వు కలవడానికి సమయం మాత్రమే అడుగు.

రెండో తప్పు తిరుమల లడ్డు. ఊరి నుంచి వచ్చిన వారి చేత అమ్మ పంపిన లడ్డును భక్తిగా పట్టుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ రెండు చేతులతో అందుకుని, మళ్లీ నా చేతిలోనే పెట్టారు. "రేపు మీ ప్రొఫెసర్ కూడా ఈ కుర్చీలోనే కూర్చోవచ్చు. నేను ఎవరి పక్షమూ కాదు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మాట్లాడుతున్నంతసేపూ ఒక పసుపు కాగితం మీద ఏవో రాసుకున్నారు. నేను లేచేలోపు ఆ కాగితాన్ని నా ఎదుటే ముక్కలు చేసే యంత్రంలో పెట్టారు. ప్రాణాపాయం ముంచుకొచ్చిందనుకుంటే తప్ప, నీ అనుమతి లేకుండా వాళ్లు ఎవరికీ చెప్పరు. ప్రొఫెసర్‌కు తెలుస్తుందన్న భయం వదులు. మీ యూనివర్సిటీ నియమాలు వెబ్‌సైటులో ఉంటాయి, ఒకసారి చదువుకో. వీసా సంగతి విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడుగు.

అన్నిటికన్నా ఖరీదైనది మూడో తప్పు. ఆవిడకు చెప్పుకున్నాను కాబట్టి యూనివర్సిటీకి ఫిర్యాదు ఇచ్చేసినట్టే అనుకున్నాను. మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మన యూనివర్సిటీల్లో 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ఉండే అంబుడ్స్‌పర్సన్ వేరు. విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ దగ్గర న్యాయం దొరకకపోతే ఆయనకు అప్పీలు చేసుకోవచ్చు, ఆయన ఉత్తర్వు ఇస్తారు. అమెరికాలోని అంబుడ్స్ ఉత్తర్వు ఇవ్వరు, విచారణ జరపరు, ఎవరినీ శిక్షించరు. వింటారు, దారులు చూపిస్తారు, నువ్వు ఒప్పుకుంటే అవతలివారితో మాట్లాడతారు. వారికి చెప్పినంత మాత్రాన యూనివర్సిటీకి తెలియజేసినట్టు కాదు. ఫిర్యాదు గడువు తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది. ఆ మాట ఆవిడ మొదటి రోజే చెప్పారు, నా చెవికెక్కలేదు. నిశ్చింతగా ఉండిపోయాను. తీరా రాతపూర్వక ఫిర్యాదు పట్టుకుని వెళితే గడువు దాటిపోయిందన్నారు.

మూసుకున్న ఆ తలుపును ఆవిడ తెరవలేకపోయారు. నా అనుమతితో అకౌంట్ల విభాగంతో మాట్లాడి, బిల్లును పది వాయిదాలు చేయించారు. మొదటి రెండు వాయిదాలకు చిత్తూరులో అమ్మ గాజులు కుదువ పెట్టారు. పద్దెనిమిది నెలల్లో నా సొంత సంపాదనతో వాటిని విడిపించాను. ఆ తర్వాత ఇంటి నుంచి ఒక్క రూపాయి తెప్పించుకోలేదు. మీ తరం పిల్లలకు సమాచారమంతా ఫోనులోనే ఉంది, అయినా ముందు అప్పు గురించే ఆలోచిస్తారు.

ఈ వారమే అంబుడ్స్‌ను కలువు. నియామక పత్రం, అందులో ఫీజు మినహాయింపు గురించి రాసిన పేజీ, కొత్త బిల్లు తీసుకెళ్లు. కూర్చోగానే "నా ఫిర్యాదుకు ఆఖరి తేదీ ఏది, ఎవరికి ఇవ్వాలి" అని అడిగి, నీ పుస్తకంలో నువ్వే రాసుకో. అక్కడి నుంచి తిరిగి వచ్చేదాకా ఇంటి కాగితాలు బీరువాలోంచి తీయవద్దని మీ నాన్నగారికి ఈ రాత్రే ఫోను చేసి చెప్పు.