సున్నాను తొందరపడి నమ్మకమ్మా

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారిగా నీకు ఉత్తర్వులు వచ్చాయని మీ నాన్న ఫోను చేసి చెప్పినప్పుడు కడుపు నిండినట్టయింది. కోనసీమలో పుట్టి పెరిగిన పిల్లవి, దారులు నేను చెప్పనక్కరలేదు. ఆ కుర్చీ గురించే నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇన్నాళ్లూ రోగి నీ ఎదురుగా కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుంటే జ్వరం తెలిసేది. ఇకమీదట నీ ముందుకు వచ్చేవి కాగితాలే. వాటిలో సున్నా కనిపిస్తే తొందరపడి నమ్మకు.

నేను ఆ పదవిలోకి వచ్చిన రెండో ఏడు, వరద తీసిన వారంలో గోదావరి మధ్యనున్న ఒక లంక ఊరి నుంచి విరేచనాల కేసులు సున్నా అని నివేదిక వచ్చింది. సంతోషంగా సంతకం పెట్టాను. మూడో నాడు ఆ ఊరి నుంచే ఒక ముసలమ్మను పడవలో తెచ్చారు. కళ్లు లోతుకు పోయాయి, చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోయింది. ఆమె దక్కలేదు. అదే పడవలో నేను ఆ ఊరు వెళ్లాను. ఉపకేంద్రంలో రిజిస్టరు తెరిస్తే సున్నా కింద పెన్సిలుతో రాసి చెరిపేసిన ఆరు అంకె కనిపిస్తూనే ఉంది. ఎందుకమ్మా అని అడిగితే అక్కడి నర్సు, ఆ ఏఎన్‌ఎం, తల వంచుకుని, "పోయిన నెల సమావేశంలో కేసులు ఎక్కువ చూపించిన అమ్మాయిని అందరి ముందూ నిలబెట్టి తిట్టారు కదా సార్" అంది. తప్పు ఆమెది కాదు, నాది.

ఆ రోజే మంచినీళ్ల ట్యాంకూ చూశాను. గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే, నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరగాలి. తిరగలేదు. బ్లీచింగ్ రోజూ కలుపుతున్నట్టు సంతకాలున్నాయి, నిజంగానే కలుపుతున్నారు కూడా. కాని మూట నోరు విప్పి తడి గోడకు ఆనించి ఉంది. గుప్పెడు తీసి వాసన చూస్తే ఘాటే లేదు. ఆ పొడిలోని క్లోరిన్ తేమ తగిలితే పోతుందని మనకు తెలుసు, ట్యాంకు కాపలా మనిషికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఏ ఊరు వెళ్లినా ముందు ఆ గొట్టం తీసుకుని కుళాయి దగ్గరికి నడువు, రిజిస్టరు తరువాత చూడవచ్చు.

చెడ్డ కబురు ముందుగా తెచ్చినవారిని నెలవారీ సమావేశంలో అందరి ముందూ మెచ్చుకో. ఆశా కార్యకర్త రాత్రి పదకొండింటికి ఫోను చేసినా నువ్వే ఎత్తు. వాళ్ల పారితోషికం బిల్లు నీ బల్ల మీద ఒక్క రాత్రి కూడా నిద్రపోకూడదు.

వరదల సంగతి నీకు తెలుసు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన నీళ్లను పీహెచ్‌సీలో ఉండి చూసినదానివి. ఒక్కటే చెబుతాను. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చేదాకా ఆగకు. ఎగువన భద్రాచలంలో గోదావరి 43 అడుగులు తాకిందంటే లంకల్లో నెలలు నిండిన గర్భిణులను ఇవతలి ఒడ్డుకు చేర్చడం మొదలుపెట్టు. పాముకాటు మందు ఏటికి రెండు వైపులా ఉండాలి, ఒకవైపే ఉంటే అవసరానికి అందదు.

బదిలీల రోజుల్లో సిఫార్సులు తప్పవు. లంకలో పోస్టు ఖాళీ చేసి పట్టణానికి మార్చమంటే, అక్కడికి ఎవరు వెళతారో కూడా కాగితం మీద రాసి ఇమ్మను. చాలామంది అక్కడే ఆగిపోతారు.

నేను చెప్పిన ఏఎన్‌ఎం పదవీ విరమణ చేసి ఇప్పటికీ ఆ లంకలోనే ఉంటోంది. జూన్‌లో తనిఖీకి వెళ్లినప్పుడు ఆమె ఇంట్లో కాసేపు కూర్చో. నీళ్లు ముందు ఏ వీధిలోకి వస్తాయో, పడవ ఏ గట్టున ఆగుతుందో, ఏ ఇంట్లో కాన్పు దగ్గరపడిందో ఆమె చెబుతుంది. నేను అడిగానని చెప్పు.

నీ మేలు కోరే
పెదనాన్న