మంచుకి మాడిన నిమ్మచెట్టుని అప్పుడే కొట్టించకండి

సీతమ్మధార నుంచి ఒక మాస్టారి సందేహం: "మా అమ్మాయి, అల్లుడు హ్యూస్టన్‌లో ఇల్లు కొన్నారు. పెరట్లో నిమ్మ, కమలా చెట్లున్నాయి. మొన్నటి చలికి ఆకులన్నీ మాడిపోయాయి. వీడియో కాల్‌లో చూసి, చచ్చిపోయాయి, కొట్టించేయమన్నాను. సరైందేనా?"

మాస్టారూ, ఆగండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వెళ్లాక మన విశాఖలో చెట్లు ఎలా మోడులై నిలబడ్డాయో మీరూ చూశారు. వేళ్లు ఊడనివి చాలా వరకు మళ్లీ చిగిర్చాయి. మంచు దెబ్బ కూడా అలాంటిదే, కాకపోతే తేలడానికి నెలలు పడుతుంది. మిగతాది అమ్మాయికే రాస్తాను, ఫోన్‌లో పంపండి.

అమ్మా, ముందు ఆకులు చూడు. గడ్డకట్టిన ఆకు కరిగాక నీరు పట్టినట్టు నల్లబడి, తర్వాత ముడుచుకుంటుంది. అవి రాలిపోతుంటే కంగారు పడకు. ఆకుని రాల్చాలంటే కొమ్మలో ప్రాణం ఉండాలి. చచ్చిన కొమ్మకి ఆ శక్తి ఉండదు, ఎండాకులు దానికే వేలాడుతుంటాయి. చెట్టు బోడి అయిందంటే అది సగం మంచి కబురే.

తర్వాత కొమ్మ చివర నుంచి కిందికి గోటితో బెరడు గీకుతూ రా. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు. కానీ మొదటి వారంలో ఈ పరీక్షని పూర్తిగా నమ్మొద్దు. ఇప్పుడు పచ్చగా ఉన్న కొమ్మ నెల తర్వాత ఎండిపోవచ్చు. మార్చిలో చిగురు వేసి, ఎండలు ముదరగానే వాడిపోయే కొమ్మలూ ఉంటాయి. అందుకే మే, జూన్ దాకా కత్తెర పట్టొద్దు. ఆకుల్లేని చెట్టు నీళ్లు తక్కువే తాగుతుంది, పాపం కదా అని రోజూ పోస్తే వేళ్లు కుళ్లుతాయి. చిగుళ్లు గట్టిపడేదాకా ఎరువూ వద్దు.

అసలు సంగతి అంటు దగ్గర ఉంది. మొదలుకి కాస్త పైన బెరడు రంగో, లావో మారే చోటు కనిపిస్తుంది, అదే అంటు. మీ హ్యూస్టన్ వైపు చాలా చెట్లని చలికి ఓర్చే మూడాకుల నారింజ మీద అంటు కడతారు. అంటుకి పైన చిగురొస్తే అది నీ చెట్టే. కింద నుంచి, ఒక్కో కాడకి మూడేసి ఆకులతో, ముళ్లతో వస్తే అది వేరుమూలం, అంటే అంటు కట్టిన అడుగు మొక్క. "చెట్టు బతికింది" అని సంబరపడి దాన్నే పెంచేవాళ్లని చాలామందిని చూశాను. దానికి కాసేది గింజలు నిండిన చేదుకాయ. వేసవి నాటికీ పైన ఒక్క చిగురూ లేకపోతే, అప్పుడు నాన్నగారి మాట విను.

అన్ని రకాలూ చలిని ఒకేలా తట్టుకోవు. మనం పులిహోరకి పిండుకునే నిమ్మ, దబ్బ అందరికన్నా సుకుమారం. 30 ఫారన్‌హీట్, అంటే మైనస్ 1 సెల్సియస్ దగ్గరే దెబ్బ తింటాయి. బత్తాయి నయం. సత్సుమా అనే కమలా, కుమ్‌క్వాట్ అనే బుల్లి నారింజ ముదురు చెట్లయితే 20 ఫారన్‌హీట్ దాకా తట్టుకోగలవు. అదీ చలి మెల్లగా ముదిరి, చెట్టు అలవాటు పడితేనే. వారమంతా వెచ్చగా ఉండి ఒక్క రాత్రిలో పడిపోతే ఏ రకమైనా కష్టమే. 2021 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో 13 ఫారన్‌హీట్‌కి దిగినప్పుడు సత్సుమాలు కూడా పోయాయి. చెట్టు మీద కాయలుంటే, 28 కన్నా కింద కొన్ని గంటలున్నా లోపల రసం గడ్డకడుతుంది. వెంటనే కోసి రసం తీసుకో, వదిలేస్తే తొనలు పిప్పి అయిపోతాయి.

వచ్చే చలికాలం ముందే లేత చెట్టుకి అంటు మునిగేదాకా మట్టి ఎగదోయి, వసంతంలో తీసెయ్. దుప్పటి కప్పితే అంచులు నేలకి ఆనాలి, ఎందుకంటే వేడి వచ్చేది నేలలోంచే. దుప్పటిని చెట్టు మొదలుకి తాడుతో బిగిస్తే ఆ వేడి లోపలికి రాదు. లోపల దీపాలు పెడితే పాతకాలం ఫిలమెంట్ బల్బులు పెట్టు, ఎల్‌ఈడీకి వేడి ఉండదు.

నాన్నగారు ఈసారి కడియం నుంచి దబ్బ అంటు తెస్తానంటే వద్దని చెప్పు. నిమ్మజాతి మొక్కల్నీ, పచ్చి కరివేపాకునీ అక్కడ ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. నిమ్మజాతి చెట్లని చంపే గ్రీనింగ్ తెగులుని మోసే పురుగు రెండింటి మీదా బతుకుతుంది. మన నిమ్మ కావాలంటే అక్కడి నర్సరీలో మెక్సికన్ లైమ్ అని అడిగి కుండీలో పెట్టు, చలి కబురు వినగానే గరాజ్‌లోకి లాగేయొచ్చు.