రింగు గుండ్రతనం తెర మీద ఎలా కొలవాలి?

ప్రశ్న: మడికొండలో ఒక ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌లో డిజైన్ పని చూస్తాను. డ్రిప్ ఫిల్టర్‌కి పాలీప్రొపిలీన్ రింగు చేస్తున్నాం. బయటి వ్యాసం 90 మి.మీ., మూడు పిన్ గేట్లు (కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగే సన్నని దారులు). గుండ్రతనంలో తేడా 0.3 మి.మీ. దాటకూడదని డ్రాయింగ్‌లో ఉంది. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో డిఫ్లెక్షన్ (కదలిక) 0.8 మి.మీ. వచ్చింది, బొమ్మలో రింగు బాగా వంకరగా కనిపిస్తోంది. మోల్డ్ పని ఆపమని మా ఓనర్ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది సార్. వార్పేజీని (చల్లారాక వచ్చే వంకరను) అసలు ఎలా కొలవాలి?
– ఒక పాఠకుడు, మడికొండ

జవాబు: తమ్ముడూ, ఆ ఒక్క అంకె చూసి పని ఆపక్కర్లేదు. 0.8 అంటే అంచు మీది బిందువు మొత్తం ఎంత కదిలిందో చెప్పే లెక్క. అందులో వంకర కొంతే.

పాలీప్రొపిలీన్ సుమారు 1 నుంచి 2.5 శాతం దాకా కుంచించుకుంటుంది. మీ గ్రేడ్‌కి 1.5 అనుకుందాం. వ్యాసార్థం 45 మి.మీ. కాబట్టి రింగు అచ్చంగా గుండ్రంగా ఉన్నా, అంచు మొత్తం దాదాపు 0.68 మి.మీ. లోపలికి వస్తుంది. ఈ కుంచింపు (ష్రింకేజీ) కోసం మోల్డ్‌ని ముందే పెద్దగా కోస్తాం కదా, దాన్ని మళ్లీ తప్పుగా లెక్కపెట్టకూడదు. బొమ్మలో స్కేల్ ఫ్యాక్టర్ ఎంత ఉందో కూడా చూడండి. అది 10 ఉంటే వంకర పది రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఓనర్ భయపడింది బహుశా ఆ బొమ్మ చూసే.

ఇప్పుడు అసలు కొలత. బయటి అంచు మీద ఒకే ఎత్తులో, సమాన దూరాల్లో ఉన్న నోడ్‌లను (సిమ్యులేషన్ మోడల్‌లోని బిందువులను) ఎంచుకోండి. 36 ఉంటే బాగుంటుంది. వంగిన తరువాతి ఎక్స్, వై విలువలు ఎక్సెల్‌లోకి తీసుకోండి. ఎక్స్‌ల సగటు ఎక్స్‌గా, వైల సగటు వైగా ఉన్న బిందువే కొత్త కేంద్రం. ఈ మెట్టు వదలొద్దు. రింగు మొత్తం ఒక పక్కకి జరిగితే అది వంకర కాదు, పాత కేంద్రం నుంచి కొలిస్తే మాత్రం వంకరలాగే కనిపిస్తుంది. కొత్త కేంద్రం నుంచి ప్రతి నోడ్‌కి దూరం లెక్కించి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. అదే గుండ్రతనం తేడా. అంచు ఒకచోట 0.58, ఇంకోచోట 0.80 లోపలికి వచ్చిందనుకోండి, తేడా 0.22 మాత్రమే. డ్రాయింగ్ ప్రకారం పాస్. నిలువు దిశలో కదలికను విడిగా చూడండి, రింగు గుర్రపు జీనులా వంగిందేమో అక్కడ తెలుస్తుంది.

మీవి మూడు గేట్లు కాబట్టి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. గేట్ల దగ్గర ఒక రకంగా, గేట్ల మధ్య ఇంకో రకంగా కుంచించుకుని రింగు మూడు బుగ్గల ఆకారంలోకి వెళ్తుంది. ఇలాంటి రింగుని వెర్నియర్‌తో కొలిస్తే ఎటు పట్టినా వ్యాసం దాదాపు ఒకటే వస్తుంది. బుగ్గకి సరిగ్గా ఎదురుగా లోతు ఉంటుంది మరి! వెర్నియర్ చూసి ఓకే అన్న రింగు ఫిల్టర్‌లో కూర్చోక లీకైతే ఆ నష్టం రైతుది. అందుకే మొదటి ట్రయల్ ముక్కలను 60 డిగ్రీల వీ-బ్లాక్ (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మ) మీద పెట్టి, పైన డయల్ గేజ్ (చిన్న తేడాను ముల్లుతో చూపే పరికరం) ఆనించి మెల్లగా తిప్పండి. ముల్లు ఊగిన దాన్ని మూడుతో భాగిస్తే మూడు బుగ్గల అసలు తేడా వస్తుంది. కోడిగుడ్డు ఆకారమైతే ఈ బ్లాక్ పట్టుకోదు, దానికి వెర్నియరే సరి. రెండూ చేయండి.

మెషీన్ నుంచి తీయగానే కొలవకండి. పాలీప్రొపిలీన్ ఆ తరువాత కూడా కుంచించుకుంటుంది, కనీసం ఒక రోజు ఆగండి. మన ఎండల్లో షెడ్డుకీ ఏసీ గదికీ 15 డిగ్రీల తేడా ఉంటే, 90 మి.మీ. వ్యాసం ఒక్క వేడికే 0.1 మి.మీ. పైగా మారుతుంది. అన్ని ముక్కలనూ ఒకే గదిలో కొలవండి.

సిమ్యులేషన్‌లో కేంద్రం సరిచేశాక కూడా తేడా 0.3 దాటితే, హోల్డింగ్ ప్రెషర్ (అచ్చు నిండాక ప్లాస్టిక్‌ని నొక్కి ఉంచే ఒత్తిడి) మార్చి మళ్లీ రన్ చేయండి. అప్పటికీ మూడు బుగ్గలు తగ్గకపోతే లోపలి అంచు చుట్టూ డిస్క్ గేటు (చుట్టూరా ఒకేసారి ప్లాస్టిక్ దిగే దారి) పెట్టి చూడండి. గేటు కోసేందుకు అదనపు ఖర్చు అవుతుంది, ఆ సంగతి ఓనర్‌కి ముందే చెప్పండి.