12 ఎకరాల పొలం, బత్తాయి తోట, గట్ల మీద తుమ్మలు: ఏ చైన్‌సా కొనాలి?

చండూరు దగ్గర 12 ఎకరాలు, అందులో సగం బత్తాయి, గట్ల వెంట తుమ్మ, వేప, ఒక మూల కొంత నీలగిరి ఉన్నాయని రాశారు. ఆన్‌లైన్‌లో 58 సీసీ ఇంజన్, 22 అంగుళాల బార్ ఉన్న మిషన్ చవకగా వస్తోంది, తీసుకోవచ్చా అని అడిగారు. ఆ సైజు మీకు వద్దు. 32 నుంచి 45 సీసీ మధ్య ఇంజన్, 16 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) చాలు. అది కూడా మీరు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరంలో రిపేరు చేసేవారు, విడిభాగాలు దొరికే కంపెనీది తీసుకోండి. మాది దేవరకొండ వైపు బత్తాయి తోట. కోత పని చాలా ఏళ్లుగా మేమే చేసుకుంటున్నాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మిషన్ కొనేటప్పుడు అందరూ పొలంలో ఉన్న అతి పెద్ద చెట్టునే తలుచుకుంటారు. నిజానికి చూడవలసింది ఏటా మళ్లీ మళ్లీ కోసే కొయ్యను. బత్తాయిలో తీసే ఎండుకొమ్మ మణికట్టు మందం దాటదు. నాలుగైదేళ్ల నీలగిరి కాండం జానెడు కూడా ఉండదు. గట్టు మీది తుమ్మ ఎంత ముదిరినా చాలావరకు అడుగు లోపే. పైగా 16 అంగుళాల బార్‌తో రెండు వైపుల నుంచీ కోస్తే రెండడుగుల దుంగ కూడా తెగుతుంది. గాలివానకు పెద్ద చింతచెట్టు ఎప్పుడో ఒకసారి కూలితే పెద్ద మిషన్ ఉన్న మనిషిని కిరాయికి పిలవండి, ఆ ఒక్క రోజు కోసం బరువైన మిషన్‌ను ఏళ్ల తరబడి మోయనక్కరలేదు. బార్ పొడవు పెరిగేకొద్దీ ఇంజన్ మీద భారం పెరుగుతుంది, పదును పెట్టవలసిన పళ్లు పెరుగుతాయి, కొన ఎక్కడ తగులుతోందో కళ్లకు కనబడదు. ప్రమాదాలు ఎక్కువగా ఆ కొన దగ్గరే మొదలవుతాయి.

పోల్చి చూసుకోవడానికి రెండు సైజులు చెబుతాను. స్టిల్ కంపెనీ ఎంఎస్ 180 మిషన్ ఇంజన్ 31.8 సీసీ, బరువు సుమారు 4 కిలోలు. ఎంఎస్ 250 ఇంజన్ 45.4 సీసీ, బరువు 4.6 కిలోలు. రెండు బరువులూ బార్, చైన్ లేకుండానే. నీలగిరి, తుమ్మ కోత మీ పనిలో సగానికి పైగా ఉంటే రెండో సైజు, ఎక్కువగా కొమ్మలూ వంటచెరకూ అయితే మొదటిది. హస్క్‌వర్నా కంపెనీలోనూ ఇదే వరుసలో మిషన్లు ఉన్నాయి. పేరు ఏదైనా ఫరవాలేదు, మీ ఊరికి దగ్గరలో ఎవరి మెకానిక్ ఉన్నాడన్నది ముఖ్యం.

బత్తాయి కొమ్మలకు మాత్రం పెట్రోలు మిషన్ వాడకండి. చెట్టు గుబురులో చేయి పెట్టి కోయాలి, ఒక కొమ్మకు కోత పెడితే పక్క కొమ్మకు గాయమవుతుంది. చేతిరంపం గానీ, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల బ్యాటరీ రంపం గానీ సరిపోతుంది. కోసిన చోట బోర్డో పేస్టు పూయడం మరిచిపోవద్దు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. మన వైపు తోటలకు బంక తెగులు ఎంత చేటు చేస్తుందో మీకు తెలిసే ఉంటుంది. తెగులున్న చెట్టును కోసిన రంపాన్ని శుభ్రం చేయకుండా పక్క చెట్టుకు తీసుకెళ్లకండి.

ఇక అసలు సంగతి చైన్. కోసేది చైన్, ఇంజన్ దాన్ని తిప్పుతుంది, అంతే. మొద్దుబారిన చైన్ ఉన్న 58 సీసీ కంటే పదునైన చైన్ ఉన్న 35 సీసీ ముందు కోస్తుంది. అచ్చంపేట దగ్గర మా బావగారి నీలగిరి తోటలో కోతకు వచ్చే పెద్దాయన ఒకరున్నారు. పెట్రోలు పోసిన ప్రతిసారీ మిషన్‌ను మోడు మీద పెట్టి, ఒక్కో పంటికి గుండ్రటి ఆకురాయితో రెండు మూడు రాపిళ్లు ఇస్తారు. ఆకురాయి ఎప్పుడూ లోపలి నుంచి బయటకే వెళ్తుంది, వెనక్కి లాగేటప్పుడు పంటికి తగలదు. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక మిషన్‌ను తిప్పి రెండో వైపు మొదలుపెడతారు. ఆయన కోస్తుంటే దుంగ కింద పడేది పిండి కాదు, గోరంత పేళ్లు. మీ మిషన్ నుంచి పిండిలాంటి పొడి రాలుతోందంటే, మీరు చేతులతో నొక్కి కోయవలసి వస్తోందంటే, పదును పోయిందని అర్థం. అప్పుడు ఆపేయాలి, నొక్కకూడదు.

ఆకురాయి సైజు చైన్ పిచ్‌ను, అంటే లింకుల మధ్య దూరాన్ని (అంగుళాల్లో చెబుతారు) బట్టి మారుతుంది. 3/8 లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ పళ్ల) చైన్‌కు 4 మి.మీ., .325 చైన్‌కు 4.8 మి.మీ. పంటి ముందు ఉండే చిన్న దిమ్మను రేకర్ అంటారు. అది పంటి అంచు కంటే సుమారు 0.65 మి.మీ. తక్కువ ఎత్తులో ఉండాలి. పంటికి ఎన్నోసార్లు పదును పెట్టి దీన్ని పట్టించుకోకపోతే పన్ను ఎంత పదునుగా ఉన్నా కొయ్యను అందుకోదు. మరీ ఎక్కువ అరగదీస్తే మిషన్ ఎగిరెగిరి పడుతుంది. కొలిచేందుకు గేజి దొరుకుతుంది, కొనుక్కోండి.

నీలగిరి విషయంలో పదునుకు ఇంకో ప్రయోజనం ఉంది. మోడు నుంచి మళ్లీ పిలకలు రావాలంటే కోత నేలకు దగ్గరగా, నునుపుగా, నీరు జారిపోయేలా కాస్త వాలుగా ఉండాలి. బెరడు చీలి ఊడిపోకూడదు. మొద్దు చైన్ బెరడును పీకేస్తుంది. అలాంటి మోడుకు పిలకలు బలంగా నిలవవు.

తుమ్మ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. చేవ దేరిన ఎండు తుమ్మ చైన్‌ను త్వరగా అరగదీస్తుంది, వీలైతే పచ్చిగా ఉన్నప్పుడే కోయండి. సర్కారు తుమ్మకు మొదలు దగ్గర మట్టి పట్టి ఉంటుంది. మట్టి ఒక్కసారి తగిలితే చాలు, చైన్ పదును పోతుంది. గొడ్డలితో బెరడు చెక్కి, మట్టి దులిపి అప్పుడు కోయండి. గట్ల మీది చెట్లకు ఎప్పుడో కంచె తీగ కట్టి, మేకులు కొట్టి ఉంటారు. కాండం వాటిని మింగేసి పైకి ఏమీ కనిపించదు. తీగ చెట్టులోకి దూరుతున్న గుర్తు కనిపిస్తే దానికి అడుగు పైన కోత పెట్టండి.

పెట్రోలు మాట. లీటరుకు 20 మి.లీ. మంచి టూస్ట్రోక్ ఆయిల్, అంటే 50కి 1. మీ మిషన్ పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను లాగుతుంది. కాబట్టి కలిపిన పెట్రోలును నెలకు మించి ఉంచకండి. సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి పక్కన పెట్టండి. చైన్‌కు చైన్ ఆయిలే పోయండి. ట్రాక్టరు నుంచి తీసిన పాత ఆయిల్ పోసేవారు చాలామంది ఉన్నారు, అందులోని ఇనుప రజను బార్‌నూ ఆయిల్ పంపునూ తినేస్తుంది, తోట నేలలోనూ పడుతుంది.

కరెంటు చైన్‌సా ఇంటి దగ్గర వంటచెరకుకు బాగానే ఉంటుంది. పొలంలో వద్దు. బోరు స్టార్టర్ డబ్బా నుంచి ఒక ఫేజు లాగి నడపడం ప్రాణాల మీదికి తెస్తుంది.

రక్షణ దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకోకండి. బార్ కొన పైభాగం ఏదైనా కొమ్మకు తగిలిందంటే మిషన్ రెప్పపాటులో ముఖం మీదికి తన్నుతుంది. అందుకే ఎడమచేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ బిగించి పట్టుకోవాలి, చైన్ బ్రేక్ పనిచేయాలి, భుజం కంటే పైకి ఎత్తి కోయకూడదు, నిచ్చెన మీద నిలబడి అసలే కోయకూడదు. చైన్‌సా పనికే తయారుచేసిన కాళ్ల రక్షణ తొడుగులు ఉంటాయి. చైన్ తగలగానే వాటి లోపలి పొడవాటి దారాలు స్ప్రాకెట్‌లో (చైన్‌ను తిప్పే పళ్ల చక్రంలో) చుట్టుకుని మిషన్‌ను ఆపేస్తాయి. మన ఎండలకు వెనకవైపు తెరిచి ఉండే రకం మేలు. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్‌లు, గట్టి బూట్లు కూడా కొనండి. లుంగీ, పంచె, చెప్పులతో ఈ మిషన్ ముట్టుకోకండి, కూలీలను కూడా ముట్టుకోనివ్వకండి. కరెంటు తీగల పక్కనున్న చెట్టయితే లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టండి.

అనుమతుల సంగతి కూడా చూసుకోండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద సొంత పట్టా భూమిలోని చెట్టు కొట్టడానికైనా అనుమతి కావాలి. నీలగిరి, సుబాబుల్ లాంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. వేప, చింత కొట్టే ముందు అటవీ రేంజి కార్యాలయంలో అడగండి. తాటి, ఈత చెట్లయితే ఎక్సైజ్ శాఖనూ అడగాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచు ఊళ్ల మీదుగా మిషన్ తీసుకెళ్లేవారు పట్టా కాగితాల నకలు వెంట ఉంచుకోవడం మంచిది.

దుకాణంలో డబ్బు కట్టే ముందు మిషన్‌ను స్టార్ట్ చేయించండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు చైన్ తిరగకూడదు. బ్రేక్ వేసి చూడండి. బార్ కొనను తెల్ల కాగితానికి దగ్గరగా, తగలకుండా పట్టి ఇంజన్ రేజ్ చేస్తే కాగితం మీద సన్నటి ఆయిల్ గీత పడాలి. చైన్ పిచ్, గేజ్ (బార్ గాడిలో కూర్చునే లింకు మందం), డ్రైవ్ లింకుల (ఆ గాడిలో తిరిగే లింకుల) సంఖ్య బిల్లు మీద రాయించుకోండి. ఆ మూడూ తెలిస్తే తర్వాత నల్గొండలో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా సరైన చైన్ దొరుకుతుంది.