టెక్ సందేహాలు: రూట్ చేస్తే నెమ్మదించిన ఫోను దారికొస్తుందా?

ప్రశ్న: మూడేళ్ల కిందట కొన్న ఫోను, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. ఇప్పుడు ఏది తెరిచినా ఆలోచించి ఆలోచించి తెరుచుకుంటోంది. కంపెనీ ముందే వేసి ఇచ్చిన యాప్‌లను తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ బటనే లేదు. పైగా వాటి నుంచి ప్రకటనలు. రూట్ చేస్తే అన్నీ సర్దుకుంటాయని హాస్టల్లో స్నేహితుడు అంటున్నాడు. లాభనష్టాలు చెప్పగలరా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఈ ఫోనులోనే ఉన్నాయా? ఉంటే చేయవద్దు. కారణాలు తెలుసుకోవాలనుకుంటే మిగతాది చదవండి.

ఆండ్రాయిడ్ లినక్స్ కెర్నెల్ (ఫోను హార్డ్‌వేరును నడిపే కేంద్ర భాగం) మీద నడుస్తుంది. మీరు వేసుకునే ప్రతి యాప్‌కూ అది విడిగా ఒక యూజర్ నంబరు కేటాయిస్తుంది. ఒక యాప్ తన ఫోల్డరు దాటి పక్క యాప్ ఫోల్డరులోకి తొంగి చూడలేదు. డబ్బు పెట్టి కొన్నది మీరే అయినా సిస్టమ్ ఫైళ్లను ముట్టుకునే హక్కు మీకూ ఉండదు. ఈ కట్టుబాట్లేవీ వర్తించని ఖాతా ఒక్కటే, దాని పేరు రూట్, దాని నంబరు సున్నా. ఆ ఖాతా అధికారాన్ని మన చేతిలోకి తెచ్చుకోవడమే రూట్ చేయడం.

ఒకప్పుడు మన తెలుగువాళ్లకు ఇందుకు గట్టి కారణమే ఉండేది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 జెల్లీ బీన్‌తో తెలుగుకు ఊతం దొరికే దాకా చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఓపిక ఉన్నవాళ్లు ఓపెరా మినీ బ్రౌజర్ కాన్ఫిగ్ పేజీలోకి వెళ్లి, అక్షరాలను బొమ్మలుగా చూపే బిట్‌మ్యాప్ ఫాంట్ల ఆప్షన్ మార్చుకుని వార్తలు చదువుకునేవారు. మిగతా యాప్‌లలో కూడా తెలుగు కనపడాలంటే ఫోను రూట్ చేసి, సిస్టమ్ ఫోల్డరులో తెలుగు ఫాంటు పెట్టడమే మార్గం. అలాంటి అవసరాలు ఒక్కొక్కటిగా తీరిపోయాయి. యాప్‌కు ఏ అనుమతి ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో మీరే తేల్చే వీలు 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. ప్రకటనలను ఆపేందుకు పనికొచ్చేలా ఫోను మొత్తానికీ డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరును చిరునామా నంబరుగా మార్చే సేవ) మార్చుకునే వీలు 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చింది. మీ స్నేహితుడు చెప్పింది అబద్ధం కాదు, పాతబడిన నిజం.

ఇప్పటికీ రూట్‌తోనే సాధ్యమయ్యేవి కొన్ని ఉన్నాయి: యాప్‌లను వాటి డేటాతో సహా పూర్తిగా బ్యాకప్ తీయడం, కంపెనీ ఇవ్వని కాల్ రికార్డింగును తెచ్చుకోవడం, ప్రాసెసర్ వేగాన్ని మీ ఇష్టానికి తగ్గించడం, పెంచడం. సరదా మాట వస్తే, ఆండ్రాయిడ్ లోపల ఏముందో నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకు ఇంతకంటే మంచి ప్రయోగశాల లేదు. కానీ మీ అసలు బాధ వేగం. రూట్ చేసినంత మాత్రాన 4 జీబీ ర్యామ్ 6 జీబీ కాదు.

ఇక నష్టాల సంగతి. రూట్ చేయాలంటే ముందు బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాము) అన్‌లాక్ చేయాలి. ఆ క్షణంలోనే ఫోనులోని ఫొటోలు, చాట్లు, కాంటాక్టులు మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. ఇది పొరపాటు కాదు, కావాలనే అలా తయారుచేశారు, దొంగిలించిన ఫోనును అన్‌లాక్ చేసి లోపలి డేటా చదవకుండా ఉండేందుకు. అప్పటి నుంచి ఫోను ఆన్ చేసిన ప్రతిసారీ బూట్‌లోడర్ తెరిచి ఉందనే హెచ్చరిక పలకరిస్తూనే ఉంటుంది. శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలో అయితే వ్యవహారం మరీ కఠినం. నాక్స్ అనే భద్రతా వ్యవస్థకు చిప్‌లోనే ఒక ఫ్యూజు ఉంటుంది. అనధికార సాఫ్ట్‌వేరుతో ఫోను ఒక్కసారి మొదలైతే చాలు, అది కాలిపోతుంది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేరు మళ్లీ వేసినా ఆ ఫ్యూజు బాగుపడదు. శామ్‌సంగ్ పే, సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఆ ఫోనులో ఇక ఎప్పటికీ పనిచేయవు.

బ్యాంకు యాప్‌ల పేచీ దీనికి పైన. 2021 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ చెల్లింపుల భద్రతపై ఇచ్చిన ఆదేశాల్లో, ఫోను రూట్ అయిందో లేదో ముందే చూసి, అయితే యాప్ పనిచేయకుండా ఆపే అవకాశాన్ని పరిశీలించమని బ్యాంకులకు సూచించింది. గూగుల్ కూడా ప్లే ఇంటెగ్రిటీ అనే తనిఖీ వ్యవస్థ ద్వారా ఫోను ‘నిజాయతీ’ గురించి యాప్‌లకు సాక్ష్యం చెబుతుంది. మ్యాజిస్క్ అనే రూట్ సాఫ్ట్‌వేరు వాడేవాళ్లు దీని కళ్లుగప్పే మాడ్యూళ్లు (అదనపు భాగాలు) వేస్తుంటారు. అవి ఈ వారం పనిచేస్తాయి, వచ్చే వారం చేయవు. 2025 నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లలో ఈ తనిఖీ హార్డ్‌వేర్ ఆధారంగా సాగుతోంది కాబట్టి తప్పించుకోవడం ఇంకా కష్టమైంది. కిరాణా కొట్టు ముందు నిలబడి స్కాన్ చేయబోతే యాప్ తెరుచుకోకపోవడం కంటే చిరాకు ఏముంది? ఓటీటీలు కూడా అంతే. వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ వ్యవస్థ) ఎల్1 స్థాయి నుంచి ఎల్3కి పడిపోయిన ఫోనులో సినిమా ఆడుతుంది, హెచ్‌డీలో మాత్రం ఆడదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది వేరే ఉంది. రూట్ అనుమతి అడుగుతూ తెర మీద ఒక చిన్న పెట్టె వస్తుంది. తొందరలో ‘అనుమతించు’ నొక్కితే, ఆ యాప్‌కు మీ ఫోనులో ఇక అడ్డూ ఆపూ ఉండదు. వాట్సాప్ సంగతే తీసుకోండి. ఫోనులో నిల్వ ఉండే దాని బ్యాకప్ ఫైలు మామూలుగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని తెరిచే తాళంచెవి మాత్రం వాట్సాప్ సొంత ఫోల్డరులో ఉంటుంది. మామూలు యాప్ ఆ ఫోల్డరు దరిదాపులకు పోలేదు. రూట్ అనుమతి దొరికిన యాప్ ఫైలునూ తాళంచెవినీ ఒకేసారి ఎత్తుకుపోగలదు. 2016లో బయటపడ్డ గూలిగన్ అనే మాల్‌వేర్ చేసిన పని ఇలాంటిదే. పాత ఆండ్రాయిడ్ ఫోన్లను తనంతట తానే రూట్ చేసి, 10 లక్షలకు పైగా గూగుల్ ఖాతాల టోకెన్లను (పాస్‌వర్డ్ అడగకుండానే ఖాతాలోకి వెళ్లనిచ్చే కోడ్‌లను) దొంగిలించింది. దొంగ అంత కష్టపడి సంపాదించే అధికారాన్ని మనమే తెరిచి పెట్టడం ఎందుకు?

మరి మీ ఫోను మాటేమిటి? స్టోరేజీ నిండా కుక్కి ఉండటమే నెమ్మదించడానికి కారణమై ఉంటుందని నా అనుమానం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజీ మేనేజ్ చేసే చోటికి వెళ్లి చూడండి. కుటుంబ గ్రూపుల శుభోదయాలు, పండగ వీడియోలు ఎన్ని జీబీలు తింటున్నాయో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. మొండి యాప్‌లను తీసేయడానికి కూడా రూట్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి (కొన్ని కంపెనీల ఫోన్లలో బిల్డ్ నంబరు బదులు ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి). అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోనును కంప్యూటరుకు కలిపి, గూగుల్ ఉచితంగా ఇచ్చే ఏడీబీ అనే పనిముట్టుతో అనవసరమైన యాప్‌లను మీ ఖాతా వరకు తొలగించవచ్చు. ఆ యాప్ అసలు కాపీ సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి, పొరపాటున అవసరమైనది తీసేసినా వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే పేరు చూసి అర్థం కానిదాని జోలికి పోకండి. పని అయ్యాక డీబగ్గింగ్ ఆపేయండి. చాలా ప్రకటనలకు అడ్డుకట్ట వేయాలంటే ప్రైవేట్ డీఎన్ఎస్‌లో యాడ్‌గార్డ్ వంటి సర్వీసు చిరునామా ఇస్తే సరిపోతుంది. యూట్యూబ్ ప్రకటనలు మాత్రం దీనితో ఆగవు.

ప్రశ్న: కంప్యూటరు లేకుండా ఒక్క బటన్‌తో రూట్ చేసే యాప్‌లు ఉన్నాయంటున్నారు. నమ్మవచ్చా?
– రాజమహేంద్రవరం

జవాబు: నమ్మవద్దు. ఆ యాప్‌లు ఆండ్రాయిడ్‌లోని భద్రతా లోపాలను వాడుకుని లోపలికి దూరేవి. 2014లో వచ్చిన టవల్‌రూట్ అలాంటిదే, లినక్స్ కెర్నెల్లో ఒక లోపం ఆసరాగా పనిచేసింది. ఆ లోపాలు ఎప్పుడో పూడ్చారు. కొత్త ఫోన్లలో కూడా ఒక్క నొక్కుతో పని అవుతుందని ఎవరైనా ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) పంపితే, రూట్ అయ్యేది మీ ఫోను కావచ్చు, ఆ అధికారం మాత్రం పంపినవాడిది.

ప్రశ్న: 2018లో కొన్న ఫోను సొరుగులో పడి ఉంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసి చాలా కాలమైంది. దీన్ని రూట్ చేసి వాడుకోవచ్చా?
– ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ

జవాబు: ప్రయోగం చేయాలంటే ఇలాంటి ఫోనే సరైనది. అయితే మీకు కావలసింది రూట్ కాదు, కస్టమ్ రోమ్, అంటే కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ బదులు బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్. ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు. రెండింటికీ బూట్‌లోడర్ అన్‌లాక్ తప్పదు కానీ, కస్టమ్ రోమ్ వేసినంత మాత్రాన ఫోను రూట్ అయినట్టు కాదు. 2016 చివర్లో సయానోజెన్‌మాడ్ అనే కస్టమ్ రోమ్ మూతపడ్డాక దాని కొనసాగింపుగా వచ్చిన లీనియేజ్ ఓఎస్ ఇప్పటికీ చాలా పాత ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్‌ను అందిస్తోంది. దాని వికీలో మీ ఫోను ఉందో లేదో చూడండి. ఫోను బయట పెట్టె మీద రాసిన పేరు చాలదు, మోడల్ కోడ్ అక్షరం అక్షరం సరిపోవాలి. ఒకే పేరుతో రెండు రకాల ప్రాసెసర్లున్న ఫోన్లు మన మార్కెట్లో కొల్లలు. ఒకదాని ఫైలు ఇంకోదానిలో వేస్తే ఫోను మళ్లీ ఆన్ కాకపోవచ్చు. షావోమీ ఫోనైతే అన్‌లాక్‌కు కంపెనీ అనుమతి కావాలి, అందుకు రోజుల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. లీనియేజ్ ఎక్కాక కూడా చెల్లింపుల యాప్‌లు దానిలో పెట్టకండి. పాటలకు, పిల్లల పాఠాలకు, ఇంట్లో నిఘా కెమెరాగా వాడుకోవడానికి అది చాలు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఫోను కొన్నాను. బ్యాంకు యాప్ ‘మీ పరికరం సురక్షితం కాదు’ అంటోంది. అమ్మినతను ఏమీ చేయలేదంటున్నాడు.
– గృహిణి, హైదరాబాద్

జవాబు: ఫోను ఆఫ్ చేసి ఆన్ చేయండి. కంపెనీ లోగో కంటే ముందు హెచ్చరిక తెర ఏదైనా కనిపిస్తే బూట్‌లోడర్ అన్‌లాక్ అయినట్టే. తర్వాత ప్లే స్టోరులో సెట్టింగ్స్, అందులో అబౌట్ తెరవండి. అక్కడ ప్లే ప్రొటెక్ట్ కింద పరికరం సర్టిఫై అయిందని లేకపోతే అనుమానం బలపడినట్టే. వీలైతే ఫోను తిరిగి ఇచ్చేసి డబ్బు వెనక్కి తీసుకోండి. వీలు కాకపోతే కంపెనీ సర్వీసు సెంటరులో అసలు సాఫ్ట్‌వేరు మళ్లీ వేయించి, ఆ తర్వాతే బూట్‌లోడర్ లాక్ చేయించండి. ఈ వరుస తప్పకూడదు. సాఫ్ట్‌వేరు మార్చకుండా ముందే లాక్ చేస్తే ఫోను అక్కడికక్కడే మొరాయిస్తుంది. ముఖ్యంగా చైనాలో అమ్మడానికి తయారైన షావోమీ ఫోనులో గ్లోబల్ రోమ్ (ఇతర దేశాల కోసం చేసిన సాఫ్ట్‌వేరు) వేసి అమ్మేవాళ్లున్నారు, దాన్ని అలాగే లాక్ చేస్తే తెరుచుకోదు. ఇవన్నీ తేలేవరకు ఆ ఫోనులో మీ గూగుల్ ఖాతా ఉంచకండి, ఇప్పటికే లాగిన్ అయి ఉంటే వేరే ఫోను నుంచి పాస్‌వర్డ్ మార్చేయండి.