రాత్రంతా మేం పాడం, తల్లీ!

(పద్యనాటకాల్లో స్త్రీ పాత్రలు వేస్తూ, నెల్లూరు మూలాపేటలో పద్యం, గాత్రం నేర్పుతున్న రంగస్థల నటి ఈ వారం పాఠకులకు ఇచ్చిన జవాబులు)

మేడమ్, హైస్కూల్లో తెలుగు చెబుతాను. రోజుకు ఆరు పీరియడ్లు. సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది. మీరు రాత్రంతా పద్యాలు ఎట్టా పాడతారు? – ఒక టీచర్, కావలి

రాత్రంతా మేం పాడం, తల్లీ! నాటకం పదింటికి మొదలై తెల్లారిందాకా నడిచినా పని పంచుకుంటాం. హరిశ్చంద్రుడికే ఇద్దరు ముగ్గురు నటులుంటారు. అడవి సీను ఒకరిది, కాటిసీను ఇంకొకరిది. నా చంద్రమతి కూడా మధ్యలో తెర వెనక కూర్చుని ఊపిరి తీసుకుంటుంది. ఆరు పీరియడ్లూ మోసేది మీరొక్కరే.

పిల్లలు అల్లరి చేస్తే మీరేం చేస్తారో గమనించండి. మాట బిగ్గరగా అనడంతో ఆగరు, శ్రుతి (స్వరం ఎత్తు) కూడా పెంచేస్తారు. గొంతు బిగిసేది అక్కడే. నాది ఐదున్నర శ్రుతి. పక్కన కృష్ణుడు వేసే ఆయన పైశ్రుతిలో అందుకున్నాడని నేనూ ఎక్కితే రెండో పద్యానికే నా పని అయిపోతుంది. అందుకే హార్మోనియం ఆయనతో ముందే మాట్లాడుకుంటాను, నా పద్యం వచ్చేసరికి ఆయన నా శ్రుతికి దిగుతాడు. మీకు హార్మోనియం ఉండదు కాబట్టి రెండు చప్పట్లు కొట్టండి. అల్లరి తగ్గాక మీ మామూలు గొంతుతోనే మొదలుపెట్టండి.

పొద్దున బడికి బయల్దేరే ముందు నోరు మూసి ‘మ్...’ అంటూ సన్నగా కూనిరాగం తీయండి. పెదాల దగ్గర జుమ్మనాలి. గొంతు దగ్గర నొక్కినట్టుంటే శ్రుతి దించండి. ఆడవాళ్లు మాట్లాడేటప్పుడు గొంతులోని స్వరతంత్రులు సెకనుకు దాదాపు 200 సార్లు అదురుతాయి. ఖంగుఖంగుమని గొంతు సవరించుకున్నారంటే వాటిని ఒకదానికొకటి వేసి కొట్టినట్టే. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్లు తాగండి. గొంతు పోయిన రోజు గుసగుసగా పాఠం చెప్పొద్దు, దానికీ శ్రమే. బొంగురు మూడు వారాలు దాటితే నాకు ఉత్తరం రాయకండి, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మిరియాల పాలా, పటికబెల్లమా, కరక్కాయా? ఏది మంచిది? – ఒక పాఠకుడు, ఒంగోలు

కరక్కాయ ముక్క నేనూ బుగ్గన పెట్టుకుంటాను. నోట్లో నీరూరుతుంది, అంతే. మనం మింగేదేదీ స్వరతంత్రుల మీద పడదండీ, పడితే పొలమారుతుంది! పగలంతా నీళ్లు తాగి, రాత్రి నిద్రపోండి.

అమ్మా, డిగ్రీ చదువుతున్నాను. పద్యనాటకంలో వేస్తానంటే పేరు చెడుతుందని ఇంట్లో తిడుతున్నారు. – ఒక అమ్మాయి, పొదిలి

బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా చీర కట్టి ఊళ్లకు ఊళ్లను కట్టిపడేశారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మగవాడు ఆడవేషం వేస్తే బిరుదు, ఆడపిల్ల అదే వేషం వేస్తే పేరు చెడడమా? చదువుకున్న స్త్రీలు రంగం మీదికి రావాలని నటుడు బళ్ళారి రాఘవగారు పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవిగారు ఆయన పక్కన నటించారు. ఇది మీ నాన్నగారికి చెప్పండి.

అయితే వాళ్ల భయం ఉత్తిది కాదు. కాంట్రాక్టు నాటకాల్లో తలా ఒక ఊరి నుంచి వచ్చి, సాయంత్రం మేకప్ దగ్గరే ఒకరినొకరు చూసుకుంటారు. ఒక తిరునాళ్లలో నాకు గడియ లేని గది ఇచ్చారు. తెల్లారాక డబ్బు అడిగితే ‘వచ్చేసారి చూద్దాంలేమ్మా’ అన్నారు. అప్పట్నుంచి ముఖానికి రంగు పడకముందే డబ్బు చేతిలో పడాలి. గదికి గడియ, తిరుగు ప్రయాణానికి బండి, వెంట ఒక మనిషి ఉండాలి. ఇవి ఒప్పుకోని వాళ్లకు నేను తేదీ ఇవ్వను. నువ్వూ ఇవ్వకు.

ముందుగా ఒక ఆదివారం మీ అమ్మను వెంటబెట్టుకుని రా. ఏదైనా ఒక్క పద్యం ప్రతిపదార్థంతో నేర్చుకో. చివర రాగం ఎంతసేపు లాగాలన్నది తర్వాత చూద్దాం. ‘వన్స్‌మోర్’ కోసం రాగం లాగి అర్థం మింగేసేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.